నెలతక్కువ బిడ్డ, నిండు నెలల బిడ్డ: రోగనిరోధక శక్తిలో అసలు తేడా ఎక్కడ?

చిరుదివ్వె

నమస్కారం. మా రెండో పాప 30వ వారంలో పుట్టింది. ఇప్పుడు ఏడు వారాల పిల్ల. రెండు కిలోలు దాటింది, గొట్టం తీసేశారు, తనే పాలు తాగుతోంది. ఈ వారంలో ఇంటికి పంపిస్తామన్నారు. సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది.

మొదటి విడత టీకాలు ఇప్పుడే వేస్తామని డాక్టర్లు అంటున్నారు. మా అత్తగారేమో, పాప అసలు పుట్టాల్సిన తేదీయే ఇంకా రాలేదు, ఆ తేదీ నుంచి లెక్క కట్టి వేయించండి అంటున్నారు. ఆవిడ మాటలో కూడా న్యాయం ఉన్నట్టే ఉంది. ఎవరి లెక్క పట్టుకోవాలి?

ఇంకో సంగతి. మా పెద్దవాడు నిండు నెలలకు పుట్టాడు. వాడికి ఉండి ఈ పిల్లకు లేనిది ఏమిటి? ‘ఇమ్యూనిటీ తక్కువ’ అని ప్రతి ఒక్కరూ అంటారు. దేనిలో తక్కువ, ఎంత తక్కువ, ఎన్నాళ్లు తక్కువ అని అడిగితే మాత్రం మాట మారుస్తారు. పెంచడానికి చుక్కల మందులేమైనా ఉంటే అదీ చెప్పండి.

వేపపువ్వు

చుక్కల మందుల జోలికి పోకమ్మా. మిగతావాటికి డాక్టరు గారు వచ్చి చెబుతారు. ఈలోగా ఒక్క పని చేసుకో. పాపను చూడటానికి వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపగలిగిన మనిషి ఇంట్లో ఎవరో ఇప్పుడే తేల్చుకో. ఆ పని నీ నెత్తిన పెట్టుకోకు, బాలింతవు.

పసివైద్యం

నెలతక్కువ పిల్లల వార్డులో పనిచేసే డాక్టరును. ముందు టీకాల సంగతి తేల్చేద్దాం.

టీకాలకు పుట్టిన తేదీయే లెక్క. బిడ్డ నిలకడగా ఉంటే నిండు నెలల పిల్లలకు ఏ వయసులో వేస్తారో నెలతక్కువ పిల్లలకూ అదే వయసులో, అదే మోతాదులో వేస్తారు. చిన్న పిల్ల కదా అని సగం మోతాదు వేయడం తప్పు. పుట్టాల్సిన తేదీ నుంచి వేసే లెక్క, అంటే సవరించిన వయసు, ఎదుగుదలకు పనికొస్తుంది. పాప ఎప్పుడు నవ్వుతుంది, ఎప్పుడు మెడ నిలుపుతుంది, బరువు గీత ఎక్కడ ఉండాలి అని చూసేటప్పుడు పది వారాలు తీసేసి చూడండి. టీకాకు మాత్రం తీసేయకండి.

ముఖ్యమైన మినహాయింపు హెపటైటిస్ బి టీకా. రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు పుట్టగానే వేసిన మోతాదు సరిగా అంటకపోవచ్చు. అందుకని తల్లికి ఆ వైరస్ లేదని తేలితే కొన్ని దేశాల్లో నెల నిండే వరకో డిశ్చార్జి వరకో ఆగుతారు. తల్లికి వైరస్ ఉంటే మాత్రం ఆగేది లేదు. బరువు ఎంతైనా 12 గంటల్లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారు యాంటీబాడీలు కూడా ఇస్తారు. రెండు కిలోల లోపు పిల్లలకైతే ఆ మొదటి మోతాదును లెక్కలో పట్టకుండా తర్వాత మళ్లీ మూడు మోతాదులు వేస్తారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు పెద్దది. ఇక్కడ ఒక ఇమ్యునాలజిస్టు ఉన్నారు, ఆవిడను పిలుస్తున్నాను.

సూక్ష్మదర్శిని

వచ్చాను. ‘దేనిలో తక్కువ’ అని అడగడం బాగుంది. జవాబు ఒకచోట ఉండదు, కాబట్టి తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలతో మొదలుపెడతాను.

యాంటీబాడీల్లో ఐజీజీ అనే రకం ఒక్కటే మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఊరికే కారిపోయి చేరదు. మాయ కణాల్లో ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం ఉంది. అది తల్లి రక్తంలోని ఐజీజీని పట్టుకుని, కణం లోపలి నుంచి మోసుకుపోయి, బిడ్డ వైపు వదిలిపెడుతుంది. ఇలాంటి గ్రాహకం ఒకటి ఉండి తీరాలని రోజర్స్ బ్రాంబెల్ 1950, 60 దశకాల్లోనే ఊహించారు. దాన్ని పట్టి చూపడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ రవాణా 13వ వారం ప్రాంతంలో సన్నగా మొదలవుతుంది. అసలు జోరు చివరి మూడు నెలల్లో, అందులోనూ చివరి నాలుగు వారాల్లో. 30వ వారం ప్రాంతంలో బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి స్థాయిలో దాదాపు సగం ఉంటుంది. నెలలు నిండేసరికి తల్లిని మించిపోతుంది. మీ పెద్దవాడు మీకంటే ఎక్కువ ఐజీజీతో పుట్టి ఉంటాడు.

ఐజీజీ అర్ధాయుష్షు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, సుమారు మూడు వారాలు. కాగితం మీద వేసి చూడండి. తల్లి స్థాయి 100 అనుకుంటే మీ పాప 50తో మొదలైంది. మూడు వారాలకు 25, ఆరు వారాలకు 12 చిల్లర, ఇవాళ్టికి పది దగ్గర. 110తో మొదలైన నిండు నెలల బిడ్డ ఆ పదికి దిగేది పదో వారం దాటాకే. అసలు శరీరం ఇంత నిక్కచ్చిగా లెక్క ప్రకారం నడవదు, కానీ దిశ ఇదే. మీ అత్తగారికి ఈ లెక్క చూపించండి. తల్లి వాటా ముందే కరిగిపోతున్న పిల్లకు టీకా ఆలస్యం చేస్తే, రక్షణ లేని రోజులు రెండు వైపులా పెరుగుతాయి.

ఐజీఎం, ఐజీఏ మాయ దాటవు. పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీఎం ఎక్కువగా కనిపిస్తే అది బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నదే. అందుకే గర్భంలోనే ఇన్ఫెక్షన్ తగిలిందా అని డాక్టర్లు అనుమానిస్తారు.

సందేహాలపుట్ట

లెక్క బాగుంది గానీ ఒక చిక్కు ఉంది. సగంతో మొదలైతే వెనకబాటు ఒక్క అర్ధాయుష్షు, అంటే మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆ మాత్రం తేడాకే నెలల తరబడి గాజు పెట్టెలో పెట్టి, చేతులు కడిగించి, ఇంత హడావిడి చేస్తారా? ఇంకేదో ఉండాలి.

సూక్ష్మదర్శిని

ఉంది. యాంటీబాడీ శత్రువును గుర్తుపట్టి దాని మీద ముద్ర వేస్తుంది, అంతే. ముద్ర పడినదాన్ని మింగి చంపాల్సింది తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిళ్లు. నవజాత శిశువుకు ఎముక మజ్జలో వాటి నిల్వ చిన్నది, నెలతక్కువ బిడ్డకు మరీ చిన్నది. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని సంసారం చూశారా, అలాంటి పరిస్థితి. రోజువారీ ఖర్చు గడిచిపోతుంది, అనుకోని ఖర్చు ఒక్కటి వచ్చి పడితే చేతులెత్తేయడమే. రక్తంలో క్రిములు చేరిన పసిబిడ్డకు న్యూట్రోఫిళ్ల సంఖ్య పెరగాల్సింది పోయి పడిపోతే డాక్టర్ల ముఖాలు మారిపోవడం అందుకే.

ఉన్నవి కూడా పెద్దవాళ్ల కణాల్లా చురుగ్గా ఉండవు. రక్తనాళపు గోడను పట్టుకోవడం, దాటుకుని కణజాలంలోకి వెళ్లడం, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరడం, అన్నీ నిదానమే. పెద్దవాళ్ల న్యూట్రోఫిళ్లు తమ డీఎన్ఏనే బయటికి వల విసిరి క్రిములను బంధించగలవు. నవజాత శిశువుల కణాలకు ఆ వల సరిగా పడదు. క్రిముల గోడకు తూట్లు పొడిచే కాంప్లిమెంట్ ప్రోటీన్లు నిండు నెలల బిడ్డలోనే పెద్దవాళ్లలో ఉన్నదానికి సగం నుంచి ముప్పావు వంతు దాకా ఉంటాయి, నెలతక్కువ బిడ్డలో ఇంకా తక్కువ.

మూడు వారాల వెనకబాటు అన్నది కూడా 30వ వారం లెక్కే. 25, 26 వారాల పిల్లలు ఆ సగం కూడా లేకుండా మొదలవుతారు.

రాత్రిపాళీ

నేను ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డులో నర్సును. మేడమ్ చెప్పినవన్నీ రక్తం లోపలి సంగతులు. నాకు రోజూ కంటికి కనిపించేది చర్మం.

25 వారాల బిడ్డ చర్మం చూస్తే ఎవరికైనా చేయి ఆగిపోతుంది. ఎర్రగా, తడిగా మెరుస్తూ ఉంటుంది, కింద నరాలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి. క్యాన్యులాకు (రక్తనాళంలో పెట్టే సన్న గొట్టానికి) వేసిన ప్లాస్టరు తీసేటప్పుడు ఏమాత్రం తొందరపడినా పైపొర ప్లాస్టరుతో పాటే వచ్చేస్తుంది. అందుకని తడి దూదితో అంచు నుంచి నాన్చుతూ, చర్మాన్ని వేలితో అదిమి పెట్టి, వెంట్రుక వాసి చొప్పున తీస్తాం. ఒక్క ప్లాస్టరుకు పది నిమిషాలు పట్టిన రాత్రులున్నాయి. ఊడిన ఆ కాస్త చోటు నుంచే క్రిమి లోపలికి పోతుంది. మన చర్మం మీద ఏ హానీ చేయకుండా బతికే స్టెఫైలోకాకస్ లాంటి క్రిమి కూడా ఆ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. పుట్టి రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ చర్మం గాలి తగిలి గట్టిపడుతుంది, అప్పుడు మాకూ ఊపిరి ఆడుతుంది.

నిండు నెలల బిడ్డ ఒంటి మీద తెల్లటి జిడ్డు పొర ఉంటుంది కదా, వెర్నిక్స్. చాలామంది మురికి అనుకుని తుడిచేయమంటారు. అందులో క్రిములను చంపే ప్రోటీన్లున్నాయి. అది చివరి మూడు నెలల్లోనే పడుతుంది, మరీ ముందుగా పుట్టిన పిల్లలకు అది ఉండదు. స్నానం కనీసం 24 గంటలు ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదానికి ఒంటి వేడి కాపాడటంతో పాటు ఇదీ ఒక లాభమే.

జంటతారలు

26 వారాల కవలల తండ్రిని. ఇప్పుడు ఇద్దరూ బడికి వెళ్తున్నారు, ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకండి.

యాంటీబాడీలే తక్కువైతే బయటి నుంచి ఎక్కించండి అని అప్పట్లో నేను డాక్టరుతో పోట్లాడాను. ఇమ్యునోగ్లోబులిన్ అని ఒకటి ఉంది, ఎంతైనా తెస్తానన్నాను. ఆయన వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో ఆ రోజు వినే స్థితిలో నేను లేను. ఇప్పుడైనా ఎవరైనా చెబుతారా?

పసివైద్యం

మీలా అడిగే తండ్రులు నాకు నెలకొకరైనా ఎదురవుతారు. మీరు అడిగింది మూర్ఖపు ప్రశ్న కాదు. వైద్యలోకం కూడా సరిగ్గా అదే అనుకుని పరీక్షించి చూసింది.

ఐఎన్ఐఎస్ అనే పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. తొమ్మిది దేశాల్లోని 113 ఆసుపత్రుల్లో, సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్) ఉన్న లేదా ఉందని అనుమానించిన 3,493 మంది శిశువులపై జరిగింది. యాంటీబయాటిక్‌లతో పాటు సగం మందికి ఇమ్యునోగ్లోబులిన్, సగం మందికి ఉత్త ద్రావణం ఇచ్చారు. రెండేళ్ల వయసు వచ్చేసరికి మరణాల్లో గానీ పెద్ద వైకల్యాల్లో గానీ తేడా లేదు. న్యూట్రోఫిళ్లు తక్కువ కదా అని వాటిని పెంచే మందులు ఇచ్చి చూశారు. సంఖ్య పెరిగింది, ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. తల్లిపాలలో ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్‌ను ఆవుపాల నుంచి తీసి ఇచ్చి చూశారు. ఎల్ఫిన్ అనే ఆ పరీక్షలో 2,200 మందికి పైగా పిల్లలున్నారు, 2019లో ఫలితాలు వచ్చాయి, ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. ఒక్కటి తక్కువైందని ఆ ఒక్కదాన్ని పోస్తే పని జరగడం లేదు.

చిరుదివ్వె గారూ, మీ చుక్కల మందు ప్రశ్నకు కూడా ఇదే జవాబు. ఇంత కట్టుదిట్టంగా పరీక్షించిన మందులే నిలబడనప్పుడు, ‘ఇమ్యూనిటీ పెంచును’ అని సీసా మీద రాసుకున్న దానికి పసిబిడ్డ నోట్లో ఏం పని?

నిర్వాహకులు

పసిపిల్లలకు ‘రోగనిరోధక చుక్కలు’ అమ్ముతామంటూ ఇక్కడ ఒకరు పెట్టిన ప్రకటన తొలగించాం. పై జవాబు పడిన కాసేపటికే పెట్టారు, ఆ తెగువకు మాత్రం నమస్కారం. చర్చ కొనసాగించండి.

సూక్ష్మదర్శిని

డాక్టరు గారి మాటకు కొనసాగింపుగా నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

గర్భంలోని బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. తల్లి దృష్టిలో బిడ్డ సగం పరాయి, బిడ్డ దృష్టిలో తల్లీ సగం పరాయి. తల్లి కణాలు కొన్ని మాయ దాటి బిడ్డ శోషరస గ్రంథుల్లో చేరతాయి కూడా. అప్పుడు బిడ్డ రోగనిరోధక వ్యవస్థ వాటి మీద ఎందుకు విరుచుకుపడదు? అది చేతకాకనే అని చాలాకాలం అనుకున్నారు. బిడ్డకు టీ కణాలు, అంటే పరాయివాటిని గుర్తుపట్టే తెల్ల రక్తకణాలు, లేక కాదు. థైమస్ గ్రంథిలో తయారై 14వ వారానికే అవి ఒళ్లంతా తిరుగుతుంటాయి. 2008లో మెకూన్ బృందం సైన్స్ పత్రికలో చూపించింది ఏమిటంటే, పిండంలోని టీ కణాలు పరాయి కణం ఎదురైతే రెగ్యులేటరీ టీ కణాలుగా, అంటే మిగతా సైన్యాన్ని వారించే కణాలుగా మారడానికి మొగ్గుచూపుతాయి. ఊరుకోవడం కూడా అక్కడ ఒక పనే, దానికి ప్రత్యేకంగా కణాలున్నాయి.

ఈ ఆలోచనకు వేరు ఇంకా వెనక ఉంది. ఒకే మాయను పంచుకున్న కవల దూడలు ఒకదాని రక్తకణాలు మరొకటి జీవితాంతం మోస్తాయని 1945లో రే ఓవెన్ గమనించారు. పుట్టకముందు పరిచయమైన పరాయి కణజాలాన్ని ఎలుక తర్వాత కూడా తిప్పికొట్టదని 1953లో మెడావర్ బృందం నిరూపించింది. 1960 నోబెల్ బహుమతి మెడావర్, బర్నెట్‌లకు వచ్చింది దీనికే.

నిండు నెలలకు పుట్టే బిడ్డలో ఈ ఓర్పు ధోరణి పుట్టే వేళకు కొంత సడలి ఉంటుంది. 26 వారాలకో 30 వారాలకో పుట్టిన బిడ్డ ఇంకా గర్భంలో ఉండాల్సిన ఏర్పాటుతోనే బయటికి వస్తుంది. బయట సూదులు, గొట్టాలు, లెక్కలేనన్ని క్రిములు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇంత ఓర్పు ఉన్న వ్యవస్థ పేగులో మాత్రం అదుపు తప్పగలదు. బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకం నెలతక్కువ బిడ్డ పేగు పొరలో ఎక్కువగా ఉంటుంది. మామూలు బ్యాక్టీరియా తగిలినా విపరీతంగా స్పందించి, పేగు గోడ చచ్చుబడే ఎన్ఈసీ జబ్బుకు దారితీయవచ్చు. అందుకే ‘పెంచండి’ అనే మాట వింటే నాకు భయం. దేన్ని పెంచాలి? పేగులో పెంచితే చంపుతుంది.

సందేహాలపుట్ట

ఇది నచ్చింది. అయితే పాల సంగతి ఏమిటి? ముర్రుపాలలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి కదా. మాయ ద్వారా రాని సగం పాల ద్వారా రక్తంలో చేరిపోవచ్చు కదా?

సూక్ష్మదర్శిని

దూడల్లో, పందిపిల్లల్లో అలాగే జరుగుతుంది. వాటి మాయ యాంటీబాడీలను దాటనివ్వదు. పుట్టిన మొదటి రోజు పేగు తెరుచుకుని ఉండి ముర్రుపాల నుంచి నేరుగా రక్తంలోకి పీల్చుకుంటుంది. ఆ పాలు అందని దూడ నిలవడం కష్టం. పాల ద్వారా రక్షణ అందుతుందని పాల్ ఎహర్లిక్ 1892లోనే ఎలుకల్లో, ఒక తల్లి పిల్లలను మరో తల్లికి అప్పగించి చూపించారు.

మనుషుల్లో మాయే ఆ పని చేస్తుంది, పాల నుంచి రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. మన పాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ. అది రక్తంలోకి పోనవసరం లేదు. గొంతు, పేగు పొరల మీద పరుచుకుని క్రిములను అంటుకోనివ్వకుండా చేస్తుంది, అదీ మంట రేపకుండా. పైన చెప్పిన పేగుకు కావలసింది సరిగ్గా అలాంటి కాపలాయే.

తల్లి పేగులో ఏ క్రిమి తగిలిందో గుర్తుపట్టిన బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) కొన్ని ప్రయాణం చేసి రొమ్ముకు చేరి, ఆ క్రిమి మీదే ఐజీఏ తయారుచేసి పాలలోకి వదులుతాయి. తల్లీబిడ్డా ఒకే చోట ఉంటే తల్లికి ఎదురైన క్రిమికే బిడ్డకు మందు అందుతుందన్నమాట. తల్లి ఎన్‌ఐసీయూలో బిడ్డ పక్కన కూర్చోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

రాత్రిపాళీ

నోటితో తాగలేని పిల్లలకు కూడా ముర్రుపాలు వృథా కానివ్వం. తల్లి పిండిన ఆ పచ్చటి చిక్కటి పాలను చిన్న సిరంజిలో 0.1 మిల్లీలీటరు తీసి, ఒక బుగ్గ లోపల సగం, రెండో బుగ్గ లోపల సగం రాస్తాం. మింగాల్సిన పని లేదు. వెంటిలేటరు మీద ఉన్న బిడ్డ కూడా అప్పుడు నాలుక కదుపుతుంది. ‘రెండు చుక్కలే వచ్చాయి, పారేయమంటారా’ అని సిగ్గుపడుతూ సీసా దాచుకునే తల్లులను చూశాను. ఆ రెండు చుక్కలకే మేము ఎదురుచూస్తుంటాం.

చిరుదివ్వె గారూ, ఇంటికి వెళ్లాక కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెకు హత్తుకుని ఉంచడం, మానకండి. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఉన్నచోటా ఇదే ముందు. ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెకు హత్తుకుని ఉంచితే మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తల్లి చర్మం మీది మామూలు క్రిములు వార్డులోని మొండి క్రిముల కంటే ముందు బిడ్డ మీద చోటు పట్టడం ఒక కారణమై ఉంటుందని మా సీనియర్లు అంటారు.

మల్లెపందిరి

అందరూ 26, 30 వారాల గురించే మాట్లాడుతున్నారు. మా బాబు 35 వారాలకు పుట్టాడు, రెండున్నర కిలోలు. ‘దాదాపు నిండు నెలలే’ అని మూడో రోజే పంపించేశారు. వారం తిరగకుండా కామెర్లు, ఆ వెంటే ఇన్ఫెక్షన్, మళ్లీ ఆసుపత్రి. వీళ్ల గురించి ఎవరూ రాయరెందుకు?

పసివైద్యం

మీ కోపం న్యాయమైనదే. నెలతక్కువగా పుట్టేవాళ్లలో ఎక్కువమంది 34 నుంచి 36 వారాల మధ్య పుట్టేవాళ్లే. 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది 37 వారాలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో సింహభాగం వీళ్లది. చూడటానికి నిండుగా ఉంటారు, దాంతోనే మోసపోతాం. ఐజీజీ జోరుగా చేరే చివరి నాలుగు వారాలు వీళ్లకు పూర్తిగానో కొంతో తప్పిపోయాయి. పాలు చీకే బలం కూడా తక్కువ, తాగుతూ తాగుతూనే నిద్రపోతారు, దాంతో కామెర్లు పెరుగుతాయి. మూడో రోజు పంపడం తప్పనను, కానీ ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూస్తామని రాసి పంపాలి.

ఇది చదివే తల్లిదండ్రులందరికీ ఒక మాట. పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు, నెలతక్కువ బిడ్డకైతే ఒళ్లు చల్లబడటమే గుర్తు కావచ్చు. అంతవరకు బాగా తాగిన బిడ్డ పాలు మానేయడం, లేపితే తప్ప కదలకపోవడం, నిమిషానికి 60కి పైగా ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి పోవడం, మూలగడం, ఫిట్స్, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, 35.5 కంటే తక్కువ ఉష్ణోగ్రత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. ఫోనులో సలహా అడగవద్దు, ఇక్కడ అసలే అడగవద్దు. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. పసిపిల్లలు కాసేపు ఆగి కాసేపు వేగంగా పీలుస్తారు, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది.

జంటతారలు

ఇమ్యునోగ్లోబులిన్ సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు డాక్టరు గారూ. ఇన్నేళ్లకు అర్థమైంది. ఇంకొకటి. వెనకబడిన ఈ వ్యవస్థ ఎప్పటికైనా మిగతా పిల్లలను అందుకుంటుందా?

సూక్ష్మదర్శిని

అందుకుంటుంది, అదీ మనం అనుకునే దానికంటే తొందరగా. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో పెటర్ బ్రోడిన్ బృందం నెలతక్కువ, నిండు నెలల పిల్లలు కలిపి 100 మందిని మూడు నెలలు వెంబడించింది. 2018లో సెల్ పత్రికలో వచ్చింది. పసిబిడ్డ నుంచి ఎంతని రక్తం తీస్తారు? ఒక్కసారికి 0.1 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలతో డజన్ల కొద్దీ కణాల రకాలను, ప్రోటీన్లను కొలిచారు.

అందులో రెండు సంగతులు. అప్పటిదాకా అందరూ తేలిగ్గా దొరికే బొడ్డుతాడు రక్తం చూసి నవజాత శిశువు ఇలా ఉంటాడని రాసేవాళ్లు. బొడ్డుతాడు రక్తానికీ, అదే బిడ్డ వారం తర్వాతి రక్తానికీ పెద్దగా పోలిక లేదు. రెండోది మీకు కావలసింది. పుట్టినప్పుడు నెలతక్కువ పిల్లలు, నిండు నెలల పిల్లలు స్పష్టంగా వేర్వేరు. మూడు నెలలు గడిచేసరికి అందరూ ఒకే బాటలోకి వచ్చేశారు. గర్భంలో ఎన్ని వారాలున్నారన్నదాని కంటే బయటి క్రిములతో పరిచయమే ఈ మార్పును నడిపిస్తున్నట్టు కనిపించింది. పేగులో బ్యాక్టీరియా సమతూకం తప్పిన పిల్లల్లో బాట కూడా తడబడింది.

2021లో ఇంకో పరిశీలన వచ్చింది. తల్లిపాలలో బిడ్డ జీర్ణించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియాకు తిండి. ఆ బ్యాక్టీరియా కరువైన పిల్లల రక్తంలో మంట గుర్తులు ఎక్కువగా కనిపించాయి.

సందేహాలపుట్ట

అయితే ఆ బ్యాక్టీరియానే సీసాలో పెట్టి ఇస్తే సరి! ప్రోబయోటిక్స్ అంటే అవే కదా?

పసివైద్యం

నా రంగంలో ఇప్పటికీ తెగని పోట్లాట ఇది. చాలా పరీక్షల్లో ఎన్ఈసీ తగ్గింది. అయినా 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక చేసింది. ప్రోబయోటిక్ ఇచ్చిన నెలతక్కువ బిడ్డ ఒకరి రక్తంలోకి ఆ బ్యాక్టీరియాయే చేరి ప్రాణం తీసింది. కొన్ని దేశాల వార్డుల్లో ఎంచిన రకాలను జాగ్రత్తగా వాడుతున్నారు, కొన్నిచోట్ల పూర్తిగా ఆపేశారు. వార్డులో డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వడం ఒక ఎత్తు, ఇంటి దగ్గర దుకాణం నుంచి తెచ్చి వేయడం ఇంకో ఎత్తు. రెండోది చేయకండి.

సూక్ష్మదర్శిని గారు చెప్పిన మూడు నెలల మాటకు నాదొక చేర్పు. కణాల పోకడ ఒకటైనంత మాత్రాన ముప్పు సమానమైపోదు. నెలతక్కువ పిల్లలు మొదటి రెండు మూడేళ్లు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువే. వాళ్ల ఊపిరి గొట్టాలు సన్నవి, ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉండవచ్చు.

చిరుదివ్వె

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అత్తగారు ఒప్పుకున్నారు. ‘ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా’ అని నన్నే అన్నారు!

పెద్దవాడు బడి నుంచి నెలకో జలుబు తెస్తాడు. వాణ్ని పాప దగ్గరికి రానివ్వకుండా ఎన్నాళ్లని ఆపను? నాకే జలుబు చేస్తే పాలివ్వవచ్చా?

పసివైద్యం

పాలివ్వండి. మాస్కు పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇవ్వండి. మీకు లక్షణాలు మొదలయ్యేసరికే పాప ఆ క్రిమికి ఎదురుపడి ఉంటుంది, పాలు ఆపితే మందు ఆపినట్టే.

పెద్దవాణ్ని ఆపకండి, బడి నుంచి రాగానే చేతులు, ముఖం కడిగించి బట్టలు మార్పించండి. జలుబు ఉన్న రోజుల్లో మాత్రం పాదాలను ముద్దాడటంతో సరిపెట్టుకోవాలి. వాడి టీకాలు ఏవైనా మిగిలి ఉంటే పూర్తి చేయించండి. ఇంట్లోని పెద్దవాళ్లు కోరింత దగ్గు టీకా వేయించుకుంటే మంచిది. పసిపిల్లలకు ఆ దగ్గు అంటేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే. ఇంట్లో పొగ తాగడం పూర్తిగా బంద్.

పెద్దవాడికి వట్టి జలుబుగా వచ్చి పాపను ఆసుపత్రి పాలు చేయగలిగింది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. దానికి 1998లో పలివిజుమాబ్ అనే తయారు యాంటీబాడీ వచ్చింది, దాన్ని నెలనెలా ఇవ్వాల్సి వచ్చేది. 2022 నుంచి నిర్సెవిమాబ్ వచ్చింది, ఒక్క మోతాదు దాదాపు ఐదు నెలలు కాస్తుంది. ఒకే వైరస్ మీద గురిపెట్టిన యాంటీబాడీ కాబట్టి ఇది పనిచేసింది, జంటతారలు గారు అడిగిన కలగూరగంప ఇమ్యునోగ్లోబులిన్‌తో దీన్ని పోల్చకండి. మీరున్న చోట దొరుకుతుందో లేదో అడగండి.

సూక్ష్మదర్శిని

ఇది ఎవరైనా గర్భిణులు చదువుతుంటే వాళ్ల కోసం. కోరింత దగ్గు టీకా గర్భంలో వేయించుకుంటే ఆ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. బ్రిటన్‌లో 2012లో ఇది మొదలుపెట్టినప్పుడు 28వ వారం తర్వాత వేసేవారు. 2016లో దాన్ని 16వ వారం నుంచే వేయవచ్చని మార్చారు. ముందుగా పుట్టేసే పిల్లలకు కూడా కొంత అందాలన్నది అందులో ఒక ఉద్దేశం. టీకా వేసుకున్నాక యాంటీబాడీ తయారవడానికి, దాటడానికి కనీసం రెండు వారాలు కావాలి.

జంటతారలు

చిరుదివ్వె గారూ, మా పిల్లలకు వార్డులో ఉండగానే మొదటి టీకాలు వేశారు. ఆ రాత్రి ఒకడికి రెండుసార్లు ఊపిరి ఆగి మానిటరు మోగింది. నర్సు వెళ్లి అరికాలు తట్టగానే మళ్లీ తీసుకున్నాడు. ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకున్నాం.

పసివైద్యం

మరీ ముందుగా పుట్టిన పిల్లల్లో అలా జరగవచ్చు. అందుకే వార్డులో వేస్తే 48 నుంచి 72 గంటలు మానిటరు మీద ఉంచుతాం. చిరుదివ్వె గారూ, మీ పాప 30 వారాలకు పుట్టిన పిల్ల, ఇప్పుడు ఆ ముప్పు తక్కువ. ఇంతకుముందు ఊపిరి ఆగే ఇబ్బంది ఉండి ఉంటే టీకాలు వేసిన రోజే ఇంటికి పంపకుండా రెండు రోజులు ఆగమని అడగండి.

ఒకటి మరిచిపోకండి, రోటావైరస్ చుక్కలు. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా. మలం ద్వారా పక్క పిల్లలకు పాకవచ్చని చాలా వార్డుల్లో లోపల వేయరు, డిశ్చార్జి రోజున వేస్తారు. చాలా దేశాల్లో మొదటి మోతాదుకు పైవయసు హద్దు ఉంటుంది, ఉదాహరణకు అమెరికాలో 14 వారాల 6 రోజులు. అదీ పుట్టిన తేదీ నుంచే లెక్క. వార్డులో ఎక్కువ కాలం ఉన్న పిల్లలకు తప్పిపోయేది ఎక్కువగా ఇదే.

రాత్రిపాళీ

డిశ్చార్జి కాగితంలో ఏ టీకా ఏ తేదీన వేశారో, తర్వాతిది ఎప్పుడో రాయించుకోండి. రక్తం ఎక్కించి ఉంటే ఆ తేదీ కూడా రాయించండి. తట్టు లాంటి టీకాలు వేసేటప్పుడు అది అడుగుతారు. డైపరు మార్చాక చేతులు కడగడం మీకు ఎలాగూ అలవాటైపోయింది, చుక్కలు వేసిన తర్వాతి రెండు వారాలు ఇంట్లో అందరి చేతా చేయించండి.